ఊదారంగు దండ

మా నూకరాజు మావ పోయాక, పెద్దకర్మకి పటం కట్టించాలంటే ఆ ఇంట్లో ఒక్క ఫోటో దొరకలేదు. మావ అంటే మా అమ్మకి తమ్ముడు. పండు ముసలితనంలో, పిల్లాపాపల మధ్య, నులక మంచం మీద నిద్రలోనే పోయాడు. సముద్రం మీద బతికిన మనిషికి అంతకంటే ఏం కావాలి? ఆయన మనవడు శివ శ్రీకాకుళంలో మా ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, "ఆధార్ కార్డుది ఉన్నాది పెద్దమ్మా, కానీ అందులో తాత ఏదో నేరం సేసి దొరికిపోయినోడిలాగ ఉన్నాడు. నా ఫోన్లో తీద్దామంటే మొకానికి తువ్వాలు అడ్డమెట్టీసీవోడు. నీకాడ ఒకటుందని నాన్న సెప్పినాడు," అన్నాడు. ఉంది. మంచం కింద రేకు పెట్టెలో, అట్టడుగున, బోర్లా పెట్టి ఉంది. దాన్ని తిప్పి చూడాలంటే నాకు ఇప్పటికీ భయం. నవ్వుకుంటే నవ్వుకోండి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకి సైన్సు పాఠాలు చెప్పినదాన్ని. అయినా కార్తీకమాసంలో గాలి కాస్త హోరుమంటే నా కళ్ళు ముందు ఆ మంచం కిందికే పోతాయి.

పెట్టె మూత తీయగానే ఎండుచేపల వాసన గుప్పుమంది. కర్పూరం వేశాను, ఎండు వేపాకు వేశాను, ఇన్నేళ్ళలో అది పోలేదు, ఇక పోదు. మా అమ్మమ్మ ఎండుచేపల బేరం చేసేది. ఎచ్చెర్ల దాటాక సముద్రం ఒడ్డున మా ఊరు. నాన్న కొత్తవలసలో రైలు పట్టాల గ్యాంగులో పనిచేస్తూ ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు, అందుకని అమ్మా నేనూ అమ్మమ్మ ఇంట్లోనే ఉండేవాళ్ళం. అరవైల చివరి ఏళ్ళు. పొద్దున్నే అమ్మమ్మ నెత్తళ్ళూ కవ్వళ్ళూ ఉప్పు పట్టించి ఇసక మీద ఆరబోసేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట అడ్డపొగ పీలుస్తూ, కర్ర పట్టుకుని కాకుల్ని అదిలిస్తూ కూర్చునేది. కాకుల్ని తిట్టే తిట్లకీ నన్ను తిట్టే తిట్లకీ పెద్ద తేడా ఉండేది కాదు. పొట్లాలు కట్టడానికి టౌన్లో చిత్తుకాగితాలు కట్టలు కట్టలుగా కొనుక్కొచ్చేది. పాత పేపర్లు, వారపత్రికలు. అవి చేపల పాలు కాకముందే నేను ఒక్కొక్కటీ తిరగేసి నాక్కావలసిన బొమ్మలు చింపుకోవచ్చు. అది ఒక్కటే అమ్మమ్మ నాకిచ్చిన స్వేచ్ఛ.

నా ఈడు పిల్లలు అగ్గిపెట్టె బొమ్మలు దాచుకునేవాళ్ళు, సినిమావాళ్ళ బొమ్మలు దాచుకునేవాళ్ళు. నేను ఆటగాళ్ళని దాచేదాన్ని. ఆటగాళ్ళందరినీ కూడా కాదు, బహుమతి గెలిచినవాళ్ళని మాత్రమే. చేతిలో కప్పో, ఛాతీ మీద పతకమో, మెడలో దండో ఉండాలి. కుస్తీవాళ్ళు, బరువులెత్తేవాళ్ళు, హాకీవాళ్ళు, క్రికెట్టువాళ్ళు, ఎవరైనా సరే. ఉత్తినే బంతి పట్టుకుని నిలబడ్డవాడిని దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. బొమ్మ కత్తిరించి, సబ్బుపెట్టె అట్టకి మెతుకులతో అతికించి, వెనక కాపీయింగ్ పెన్సిల్‌తో ఏ ఆటో, ఏం గెలిచాడో రాసేదాన్ని. ఆ పెన్సిల్ మొన నాలుకకి తగిలిస్తే ఊదారంగు తేలేది, ఒకసారి రాస్తే ఇక చెరిగేది కాదు. నా నాలుక ఎప్పుడూ ఊదాగా ఉండేదని అమ్మ తిట్టేది. గెలిచినవాళ్ళ మీద అంత పిచ్చి ఎందుకంటే ఇప్పుడు తోస్తోంది. మా తాత ఓ పొద్దున చేపల వేటకి వెళ్ళి మళ్ళీ రాలేదు. నేను పుట్టకముందు మాట. ఆ ఇంట్లో మగవాడు గడప దాటిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా ఆడవాళ్ళు గట్టిగా నవ్వేవాళ్ళు కాదు. నా పెట్టెలోవాళ్ళు మాత్రం పని ముగించుకుని, నవ్వుతూ, క్షేమంగా వచ్చేసినవాళ్ళు. వాళ్ళని చూస్తే నాకు ధైర్యంగా ఉండేది.

మావ అప్పుడు ఇరవైల్లో ఉన్నాడు. చెడుగుడులో మా ఊరి జట్టుకి ఆయనా, ఆయన జతగాడు అప్పన్నా రెండు చేతులు. తెప్ప మీద కూడా ఇద్దరూ జతే. మావ వచ్చి నా పెట్టె ముందు గొంతుక్కూర్చుని, "ఒలే గుంటా, నన్నెప్పుడెడతావే ఇందులో?" అని అడిగేవాడు.

"కప్పు తే. పెడతాను."

"ఓలమ్మ! మేనమావకి కూడా రూలేనేటే?"

"రూలు రూలే."

దసరాలకి ఎచ్చెర్లలో పోటీలు పెట్టారు. మావా అప్పన్నా ఆఖరి ఆటదాకా వెళ్ళి ఓడిపోయారు. కప్పు ఇంకో ఊరివాళ్ళు ఎత్తుకుపోయారు. మోకాళ్ళు చెక్కుకుపోయి వచ్చిన మావ ఆ రాత్రి చోడి అంబలి కూడా ముట్టలేదు.

తర్వాత కార్తీకంలో ఓ ఆదివారం అందరం అరసవల్లి వెళ్ళాం, సూర్యనారాయణమూర్తి దర్శనానికి. గుడి వీధిలో ఒకాయన డేరా వేసి ఫోటోలు తీస్తున్నాడు. వెనక తెర మీద మేడ, మెట్లు, హంసలు. మావ అప్పన్న చెయ్యి పట్టుకుని ఆ తెర ముందుకి లాక్కుపోయాడు. అప్పన్న పెనుగులాడుతూనే ఉన్నాడు. "నాకొద్దురా. ఫోటో తీత్తే ఆయుస్సు తగ్గిపోద్దంట." అప్పన్న పెళ్ళాం దానమ్మ నా పక్కనే నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వాళ్ళకి పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు. ఫోటో ఆయన నల్లగుడ్డలో తలదూర్చి "కదలకండి" అనగానే అప్పన్న ఒక్క గుంజు గుంజుకుని పక్కకి దూకేశాడు. ఆ క్షణానే ఫోటో పడింది. అందులో మావ ఓ పక్కకి నిలబడి ఉన్నాడు, నవ్వు సగంలో ఉంది, అప్పన్నని పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. రెండో సగమంతా ఖాళీ, హంసలు తప్ప.

ఆ ఫోటో చేతికొచ్చిన సాయంత్రం మావ దాన్ని నా ఒళ్ళో పడేసి, "కప్పు నేకపోతే నేకపోయింది. నువ్వే ఓ దండేసీయే నాకు. గెలిచినట్టుంటాది," అన్నాడు. ఎచ్చెర్ల నుంచి వచ్చిన రాత్రి ముఖం గుర్తొచ్చి నాకు జాలేసింది. సరే, మేనమావకి రూలు సడలించాను. పెన్సిల్ నాలుకకి తగిలించి, మెడ చుట్టూ పువ్వు పక్కన పువ్వు పెట్టి, బొడ్డు దాకా దండ వేశాను. అతికించబోతూ ఆ ఖాళీ సగం కత్తిరించేద్దామని బ్లేడు తీస్తే మావ నా చెయ్యి పట్టుకున్నాడు. "దాన్ని కొయ్యకు. అది అప్పన్నగాడి సోటు. ఎప్పుడైనా ఆణ్ణి లాక్కెల్లి అక్కడ నిలబెట్టీనా సూడు." అందుకని పెద్ద అట్ట వెతికి మొత్తం అతికించాను. మెతుకులు ఆరాలని పెట్టె మూత మీద ఉంచి పడుకున్నాను.

తెల్లవారుజామున మావా అప్పన్నా తెప్ప తోసుకుని వెళ్ళారు. అప్పుడు సముద్రం మామూలుగానే ఉంది. పొద్దెక్కేసరికి గాలి తిరిగింది. ఇప్పుడైతే ముందే ఫోన్లు మోగుతాయి, మైకులో చెబుతారు, జెండాలు ఎగరేస్తారు. అప్పుడు మాకు అమ్మమ్మ ముక్కే ఆధారం. ఆమె ఇసక మీద నుంచి లేచి నిలబడి, గాలి వాసన పీల్చి, నోట్లో చుట్ట తీసి పారేసింది. సగం కాలిన చుట్ట అమ్మమ్మ పారెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. ఆరబోసిన చేపలు తట్టల్లోకి ఎత్తి, ఇంట్లోకి చేరవేస్తూ, అమ్మమ్మ నా పెట్టె మీద తట్ట దించబోయింది. దించకుండా అలాగే ఆగిపోయింది.

"ఏటే ఇది?"

అమ్మ కూడా లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది.

"ఎవులేసినారే నా కొడుక్కి దండ?"

మా ఊళ్ళో గోడకి ఫోటోలున్న ఇల్లు మునసబుగారిది ఒక్కటే. ఆ గోడ మీదున్నవాళ్ళందరూ పోయినవాళ్ళు, అందరి మెడల్లోనూ దండలు. అమ్మమ్మకి తెలిసిన ఫోటోలు అవే. నాకు తెలిసిన ఫోటోలు పేపర్లోవి. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు. "మావే వెయ్యమన్నాడు. గెలిచినవాళ్ళకి వేస్తారు కదా, చూడు, వీళ్ళందరికీ ఉంది," అంటూ పెట్టెలోని అట్టలు తీసి పరిచాను.

"ఆళ్ళు పట్నపోళ్ళే! ఆళ్ళు సముద్రం మీదకెల్తారేటి?" అమ్మమ్మ అరిచింది. "నా కొడుకు గంగమ్మ మీదున్నాడు. ఆడికిక్కడ దండేసీసి కూకున్నావా?"

తడిగుడ్డ తెచ్చి తుడవబోయింది. ఊదారంగు దండ నుంచి కారి మావ గెడ్డం మీదికి పాకింది. ఇంకోసారి రుద్దితే మూతి కూడా పోయేది. అమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. ముగ్గురం ఆ అట్ట చుట్టూ కూర్చుండిపోయాం. బయట తాటాకులు చప్పుడు చేస్తున్నాయి, ఇసక ఇంటి పైకప్పు మీద జల్లుగా పడుతోంది. అమ్మ మెల్లిగా, "సింపీద్దామేటమ్మా?" అంది. "సింపితే ఆడేమవుతాడే?" అంది అమ్మమ్మ. పొయ్యిలో పెట్టేద్దామని అమ్మ అనబోయి, ఆ మాట తనకే వినబడి నోరు మూసుకుంది. పాతిపెట్టడం ఎలాగూ కుదరదు. నేను తెలివిగా, "సముద్రంలో వదిలేద్దామా?" అన్నాను. అమ్మమ్మ నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. నావైపు చూసి, "మన సేత్తో మనమే ఇచ్చీడమా తల్లీ?" అంది, చాలా చిన్న గొంతుతో. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. మనిషి పోతే ఏమేం చేస్తామో అవన్నీ తప్పిస్తే ఆ అట్టని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఉంచడానికి లేదు, పారెయ్యడానికి లేదు.

ఒడ్డు నుంచి అరుపులు వినబడ్డాయి, ఒక తెప్ప వచ్చిందని. అమ్మ పరిగెత్తింది. మాది కాదు. ఇంకోటి వచ్చింది. అదీ మాది కాదు. అమ్మమ్మ మాత్రం కదల్లేదు. ఆ దండని అలా వదిలి వెళ్తే ఏమవుతుందోనని ఆమె భయం. నేను నేల మీద పరిచిన నా అట్టల్ని చూస్తూ ఏడుస్తున్నాను. వాటిలో నాకు ప్రాణమైనది హాకీ కెప్టెన్ బొమ్మ. మెడలో దండ, చేతుల్లో రెండు చెవుల పెద్ద కప్పు. దాన్ని చూస్తుంటే తోచింది.

"అమ్మమ్మా, మావకి కప్పు పెట్టేద్దాం. కప్పు పట్టుకున్నవాడికి దండ ఉంటే గెలిచినట్టు."

అమ్మమ్మ కళ్ళు తుడుచుకుని మొదటిసారి నా అట్టలు చేతిలోకి తీసుకుంది. ఒక్కొక్కటీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఈడు బతికున్నాడా?"

"బతికే ఉన్నాడు."

"నీకెలగ తెలుసు?"

"నవ్వుతున్నాడు కదా."

ఇంకోటి తీసింది. "ఈడు?" వాడూ బతికే ఉన్నాడన్నాను. అలా అన్నీ అడిగింది, అన్నిటికీ బతికే ఉన్నారని చెప్పాను. వాళ్ళ గురించి నాకేం తెలుసు? చెబుతున్న కొద్దీ మాత్రం అమ్మమ్మ ఊపిరి కుదుటపడుతోంది, నేను ఆపలేకపోయాను. చివరికి, "అయితే ఎట్టీ. పెద్దది ఎట్టు. దూరం నుంచి సూసినా కనబడాల," అంది. బ్లేడు తీసి హాకీ కెప్టెన్ చేతుల్లోంచి కప్పు కోసేశాను. తొందరలో వాడి వేళ్ళు కూడా తెగిపోయాయి. మావది గాల్లో ఆగిపోయిన చెయ్యి ఉంది కదా, ఆ చేతికి కప్పు చెవి అందేలా అతికించాను. రెండో చెవి అప్పన్న చోటులోకి పోయింది. అమ్మమ్మ బొటనవేలితో అదిమి, ఆరేదాకా తియ్యలేదు. అప్పుడు లేచి ఒడ్డుకి వెళ్ళింది. ఆ రోజు మావ తెప్ప రాలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి గాలి తగ్గింది. ఒడ్డున ఆడవాళ్ళందరం అలాగే కూర్చున్నాం, దానమ్మ మా అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంది. కళింగపట్నం వైపు నుంచి ఒక మనిషి ఒడ్డు వెంబడి నడిచొస్తున్నాడు. మొలకి గుడ్డపేలిక, ఒళ్ళంతా గీరుకుపోయి ఉంది. నడకని బట్టి ముందు అమ్మమ్మే పోల్చింది. "ఓలమ్మో, నా కొడుకే!" అని ఇసకలో పడుతూ లేస్తూ పరిగెత్తింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నా కప్పు పనిచేసిందని ఎగిరి గంతేశాను కూడా. అప్పుడు చూశాను, దానమ్మ లేచి నిలబడి మావ వెనక, దూరంగా, ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూస్తోంది. మావ ఆమె ముందుకొచ్చి కూలబడిపోయాడు. "తెప్ప కట్లు తెగిపోనాయి దానమ్మా. ఒకే దుంగ పట్టుకున్నాం. ఆడి సెయ్యి పట్టుకునే ఉన్నాను. పట్టుకునే ఉన్నాను... జారిపోనాది." నేను గంతేసిన కాళ్ళు అక్కడే బిగుసుకుపోయాయి. అన్నిటినీ చూసి నాకు భయమేసింది. ఫోటో వద్దని పారిపోయినవాడు పోయాడు, దండ వేయించుకున్నవాడు వచ్చాడు. మరి దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో ఎవరు చెబుతారు?

అప్పన్న దొరకలేదు. కొన్నాళ్ళకి దానమ్మ మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, "ఒలే, నీ పెట్టెలో అందరి బొమ్మలూ ఉంటాయంట. మావోడిది ఏదైనా ఉందేటి?" అని అడిగింది. లేదని చెప్పలేక ఆ అట్ట తెచ్చిచ్చాను. ఆమె ఖాళీ చోటు మీద వేలు పెట్టింది. "ఇక్కడే గదా నిలబడ్డాడు. నాను సూసినాను." అవునన్నాను. చాలాసేపు వేలు అక్కడే ఉంచి, అట్ట నాకిచ్చి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక అమ్మమ్మ దాన్ని బోర్లా తిప్పి పెట్టె అడుగున పెట్టింది. "నా కొడుకు బతికున్నన్నాళ్ళూ ఇది పైకి తీయకు. పారీకు కూడా." అంతే, నేను బొమ్మలు దాచడం మానేశాను. పెట్టె మాత్రం ఉద్యోగం ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి నాతో వచ్చింది. మావ మళ్ళీ చెడుగుడు ఆడలేదు. పెళ్ళిలో దండ వేసుకున్నాడు గానీ ఫోటో తియ్యనివ్వలేదు. బతికినన్నాళ్ళూ ఎవరు కెమెరా ఎత్తినా తువ్వాలు ముఖానికి వచ్చేసేది. వాళ్ళమ్మ కోసమని ముందు అనుకునేదాన్ని. అమ్మమ్మ పోయాక కూడా తువ్వాలు దిగలేదు, అప్పుడు తెలిసింది అది అప్పన్న కోసమని.

ఇవాళ శివ లాంటి పిల్లలు టిఫిన్ తింటే ఫోటో, మేక ఈనితే ఫోటో. నచ్చకపోతే వేలితో ఒక్క తోపు తోస్తారు, పోతుంది. దేన్ని ఎలా పారెయ్యాలో తెలియక ముగ్గురు ఆడవాళ్ళు వణికిపోతూ కూర్చున్న పొద్దు వాళ్ళకి చెబితే కథనుకుంటారు. వాళ్ళ ధైర్యం చూస్తే సంతోషమే, కాదనను. అట్ట తీసి శివకిచ్చాను. వాడితో స్టూడియోకి నేనూ వెళ్ళాను. అక్కడి కుర్రవాడు దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి, "మేడం, ఈ పెన్సిల్ గీతలు తీసీవచ్చు, గెడ్డం మీద మరకా తీసీవచ్చు. కప్పు అతికించింది, తెలిసిపోతంది. పక్కన ఖాళీ కోసీసి మనిసిని మజ్జికి తెచ్చీమంటారా?" అన్నాడు. దేన్నీ ముట్టుకోవద్దన్నాను. నా గొంతు అంత గట్టిగా ఎందుకు వచ్చిందో పాపం వాడికి అర్థం కాలేదు.

పెద్దకర్మ నాడు పటం బల్ల మీద పెట్టారు. మొదటిసారి అది అందరి ముందూ నిలబడింది. ఊదారంగు దండతో, రెండు చెవుల కప్పుతో, సగం నవ్వుతో మావ. పూలదండ నా చేతికిచ్చారు. వెయ్యడానికి చెయ్యి లేవలేదు. పోయిన మనిషికే వేస్తున్నాను, తప్పేం లేదు, అయినా ఎక్కడో అమ్మమ్మ "ఎవులేసినారే" అని అరుస్తుందేమోనని వెనక్కి తిరిగి చూశాను. అప్పుడు దానమ్మని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. నడుము పూర్తిగా వంగిపోయింది, చూపు బాగా తగ్గింది. ఆమె పటం దగ్గరికి జరిగి, తడుముకుంటూ తడుముకుంటూ వేలు ఆ ఖాళీ చోటు మీద పెట్టింది. హంసల మధ్య, కప్పు రెండో చెవి దగ్గర. కాసేపటికి నా చేతిలోని దండ పట్టుకుని కొలిచినట్టుగా రెండు చేతులా సాగదీసి చూసింది.

"ఇది సిన్నదే గుంటా," అంది. "పెద్దది తెప్పించు. ఇద్దరికీ రావాల."